కాలరు కింద గుర్తు

మా చిన్నోడి గళ్ళ చొక్కాకి ఆరోజు వాడి వాసనే రాలేదు. నా భయం అక్కడ మొదలైంది.

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపు మాది. కింద షాపు, పైన మేముండే రెండు గదులు. ఎవరి మూట విప్పినా ముందు నా ముక్కు చూస్తుంది, తర్వాతే కళ్ళు. ఇది గొప్పకి చెప్పుకోవడం లేదు, పని అలాంటిది. నూనె మరకో రంగు మరకో వాసనతోనే తేల్చుకోవాలి, లేకపోతే వేయకూడనిది వేసి బట్ట పాడుచేస్తాం. "దీనిది ముక్కు కాదండీ, పోలీసు కుక్క" అని మా ఆయన గిరాకీల ముందే అంటాడు.

మా వాడు మోటార్ల వైండింగ్ షాపులో పనిచేస్తాడు. కాలిపోయిన ఫ్యాన్లూ నీళ్ళ మోటార్లూ వస్తే పాత తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి ఆరబెడతారు. ఆ వార్నిష్ వాసన మనిషిని ఓ పట్టాన వదలదు. చొక్కా ఎంత ఉతికినా కుట్ల దగ్గర, మడతల్లో కాస్త మిగిలే ఉంటుంది. అలాంటి చొక్కా మా దండెం మీద, ఏమీ ఎరగనట్టు, తళతళలాడుతూ వేలాడుతోంది. దగ్గరికి తీసుకుని చూశాను. వార్నిష్ లేదు. చెమట లేదు. మా సబ్బు వాసన కూడా లేదు. ఏదో వేరే సబ్బు, దాని వెనకాల సన్నగా నీలిమందు.

ఇంకో తల్లైతే కొడుకు చొక్కా శుభ్రంగా ఉందని సంతోషించేది. నేను చొక్కాని వెలుతురులోకి తీసుకెళ్ళాను.

కాలరు తిప్పాను. లోపలి పట్టీ మీద నల్లసిరాతో చిన్న త్రికోణం, దాని కింద అడ్డగీత. ఒకరి బట్టలు ఇంకొకరివాటిలో కలిసిపోకుండా ఉతికే షాపులవాళ్ళం కాలరు కిందో నడుముపట్టీ లోపలో చెరగని సిరాతో గుర్తు పెడతాం. ఏ షాపు గుర్తు ఆ షాపుదే. మాది సున్నా, మధ్యలో చుక్క. త్రికోణం కింద గీత నీలిమందావిడది.

నీలిమందావిడంటే మా వీధి చివర, బస్సులు ఆగే చోట షాపు పెట్టుకున్న మనిషి. తెల్లబట్టలకి నీలిమందు ఎంత దట్టంగా వేస్తుందంటే, ఆమె ఉతికిన చొక్కా వేసుకున్నవాడు నేరుగా ఆకాశంలోంచి దిగినట్టుంటాడు. ఒక లాడ్జి దుప్పట్ల దగ్గర మాకూ ఆమెకీ మాటలు పోయాయి. ఎదురుపడితే ఆమె కరెంటు స్తంభాన్ని చూస్తుంది, నేను చెప్పులు చూసుకుంటాను.

ఇంట్లో సబ్బుంది, నీళ్ళున్నాయి, ఉతకడానికి నేనున్నాను. అన్నీ పెట్టుకుని వీడు చొక్కా తీసుకెళ్ళి పరాయి షాపులో ఎందుకిచ్చాడు? నా ముక్కుకి దొరకకూడనిది ఏదో దాని మీద ఉంది. అదేమిటో వేరే చెప్పాలా?

వాడు తాగేవాడు. ఒక్క మాటలో చెప్పేస్తున్నాను గానీ ఆ మాట కింద వాడి కుదిరిన పెళ్ళీ, చేస్తున్న ఉద్యోగమూ, మా ఆయన నవ్వూ అన్నీ కొట్టుకుపోయాయి. ఆఖరికి తాగుడు మాన్పించే కేంద్రంలో చేరి, ఆ ఎండాకాలమంతా అక్కడే ఉండి వచ్చాడు. వచ్చినరోజు మా ఆయన మెట్ల పైన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వాడు సంచీ కింద పెట్టకముందే చెప్పేశాడు.

"ఒరేయ్, ఇదే ఆఖరు. ఒక్క చుక్క నీ గొంతులో పడ్డట్టు తెలిసిందా, మళ్ళీ ఈ గడప ఎక్కవు. మీ అమ్మ నా కాళ్ళు పట్టుకున్నా ఎక్కవు."

మా ఆయన మాటంటే మాటే. సోమవారం ఇస్తానన్న బట్టలు సోమవారమే ఇవ్వాలని కాలిపోయే జ్వరంతో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి. తమ్ముడితో ఏదో కోపంలో "నీతో మాట్లాడను" అన్నాడు, అంతే. ఇప్పటికీ తమ్ముడి ఫోనొస్తే పక్కన కూర్చుని నాచేత మాట్లాడిస్తాడు. "వాడికి మోకాలి నొప్పి తగ్గిందేమో అడుగు" అంటాడు. తను మాత్రం మాట్లాడడు. అలాంటి మనిషికి ఈ సంగతి తెలిస్తే నా కొడుకు రోడ్డు మీదికి పోతాడు. రోడ్డు మీదికి పోయినవాడు సీసా దగ్గరికే పోతాడు. ఆ తర్వాత ఏమవుతుందో కూడా నాకు కనిపిస్తూనే ఉంది. నా మనసు ఒకసారి బయల్దేరిందంటే మార్చురీ దాకా వెళ్ళిగానీ ఆగదు.

కేంద్రంలో మాట్లాడే మేడమ్ నన్ను విడిగా కూర్చోబెట్టి, "మీ అబ్బాయికి కాపలా ఉండకండమ్మా, తోడుండండి" అని చెప్పింది. బుద్ధిగా తల ఊపాను. మర్నాడు పొద్దున్నే బాత్రూములో ఫ్లష్ ట్యాంకు మూత తీసి మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను. బియ్యం డబ్బా అడుగు చూశాను. అన్నం వడ్డించేటప్పుడు కావాలనే వాడి మొహం దగ్గరికి వంగేదాన్ని. వాడికి తెలుసు. గట్టిగా ఊపిరి వదిలి, "పాసా, ఫెయిలా?" అనేవాడు. "ఏంట్రా నీ గోల" అని కసిరి, మనసులో పాసు వేసుకునేదాన్ని.

ఈమధ్య అలా ఊపిరి వదలడం మానేశాడు. ఆ సంగతి చొక్కా చేతిలో పట్టుకున్నాకే నాకు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ముగ్గురం అన్నాలు తింటున్నప్పుడు, ఏమీ పట్టనట్టు అడిగాను. "గళ్ళ చొక్కా భలే మెరుస్తోందిరా. ఎక్కడ ఉతికావు?"

వాడి నోటిదాకా వెళ్ళిన ముద్ద ఆగింది.

"షాపులోనేనమ్మా. వార్నిష్ ఒలికింది. సబ్బేసి రుద్దేశాను."

"వార్నిషా?"

"ఆఁ. డబ్బా మొత్తం."

వార్నిష్ సబ్బుకి లొంగదు. థిన్నర్‌తో తుడవాలి, తుడిచినా తేనెరంగు వలయం మిగిలిపోతుంది. బట్టల షాపులో పెరిగినవాడికి ఈ సంగతి తెలీకనా? కంగారులో నోటికొచ్చిన అబద్ధం అది. మా ఆయన నమలడం ఆపి వాడి వైపు చూశాడు. ఆయనకీ వార్నిష్ సంగతి తెలుసు.

నేను గబుక్కున మధ్యలో దూరాను. "థిన్నర్ కూడా వేసుంటావులే" అన్నాను.

"ఆఁ, థిన్నరే, థిన్నరే" అన్నాడు వాడు నీళ్ళ గ్లాసు అందుకుంటూ.

మా ఆయన మళ్ళీ పళ్ళెంలోకి వంగాడు. చూడండి నా తెలివి. నిలదీసింది నేను, తప్పించుకునే దారి చూపించిందీ నేనే. అంతటితో ఊరుకున్నానా? ఆ చొక్కాని గుర్తు కనపడకుండా కాలరు లోపలికి మడిచి, వాడి పెట్టె అడుగున కుక్కాను.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన కునుకు తీస్తుంటే చెప్పులు వేసుకుని వీధి చివరికి నడిచాను. నీలిమందావిడ తొట్టి ముందు పీట వేసుకుని ఎవరివో దిండుగలీబులు జాడిస్తోంది. మోచేతుల దాకా నీలం. నన్ను చూసి జాడించడం ఆపలేదు.

"ఏంటి, దారి తప్పావా?"

"నీతో పనుండి వచ్చాను వదినా."

"వదినా! అబ్బో. దుప్పట్లు తన్నుకుపోయినప్పుడు గుర్తు రాలేదే ఈ వరస?"

"నీ దగ్గర దుప్పట్లు నీలంగా వస్తున్నాయని లాడ్జీవాళ్ళే మా దగ్గరికొచ్చారు. నేనేం చెయ్యను?"

"నీలంగా ఉంటేనే శుభ్రం. మీ ఆయన మడతలు కత్తుల్లా ఉంటాయి, ఆ దుప్పటి కప్పుకుంటే మనిషి తెగుతాడు. అది మాత్రం బావుందా?"

ఇంకోరోజైతే దీనికి తగిన సమాధానం ఇచ్చేదాన్ని.

"మా చిన్నోడు నీకు చొక్కా ఇచ్చాడా?"

ఆమె చేతులు ఆగాయి. దిండుగలీబు లోంచి నీలం నీళ్ళు కారుతున్నాయి.

"గిరాకీ సంగతి గిరాకీకే. నీకు నేను నేర్పాలా?"

నేర్పక్కర్లేదు. ఎవరి కాలరు మీద ఎవరి లిప్‌స్టిక్కో, ఎవరి జేబులో ఎవరి ఫొటోనో, ఎవరి దుప్పటి మీద ఏముందో మాకు కనపడినంతగా ఇంకెవరికీ కనపడదు. చూస్తాం, ఉతుకుతాం, నోరు మూసుకుంటాం. ఆ కట్టుబాటు తప్పితే మళ్ళీ ఎవరూ మూట ఇవ్వరు. ఎంతమంది పెళ్ళాలు నా దగ్గరికొచ్చి ఇలాగే అడగలేదు! వాళ్ళకి నేనూ ఇదే సమాధానం చెప్పి పంపాను.

"నేను తల్లిని వదినా."

"తల్లివైతే కొడుకునడుగు. నేను ఉతకను కూడా ఉతకలేదు."

"గుర్తు నీదేగా?"

"చేతిలోకి తీసుకోగానే అలవాటుకొద్దీ గుర్తు పెట్టాను. తొట్టిలో వెయ్యబోతుంటే, 'అత్తా, నువ్వు ముట్టుకోకు, నేనే ఉతుక్కుంటా' అని లాక్కున్నాడు. ఇదిగో, ఈ పీట మీదే కూర్చుని ఉతుక్కున్నాడు. సబ్బంతా అరగదీశాడు."

"దాని మీద ఏముంది?"

ఆమె దిండుగలీబు పిండి, దులిపి, తాడు మీద వేసి, నాలుగు మూలలూ సరిచేసింది. చెమటో వార్నిషో అయితే ఈపాటికి చెప్పేసేదే. ఆ సరిచెయ్యడంలోనే నాకు సమాధానం దొరికింది.

"ఒక్కటి మాత్రం చెప్తాను, అది చొక్కా సంగతి కాదు గనక" అంది వెనక్కి తిరక్కుండానే. "ఉతుకుతూ ఉతుకుతూ నన్నడిగాడు. 'అత్తా, మా అమ్మ ముక్కుకి అందకుండా పోతుందా?' అని. పోలీసులకి భయపడేవాళ్ళని చూశాను, పెళ్ళాలకి భయపడేవాళ్ళని చూశాను. ముక్కుకి భయపడేవాణ్ణి వాణ్ణే చూశాను వదినా."

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. టీ తాగి వెళ్ళమంది. నేనూ ఇంకోసారి వస్తానన్నాను. వచ్చేటప్పుడు దారంతా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నడిచాను. ఎందుకంటే ఏం చెప్పను.

ఇక అడిగేద్దామనే అనుకున్నాను. కానీ అడిగితే వాడు అవునంటాడు. అవునన్నాక నాకు తెలిసినట్టే. నాకు తెలిసింది మా ఆయనకి తెలియకుండా ఎన్నాళ్ళు ఆగుతుంది? నా మొహమే చెప్పేస్తుంది. అందుకని అడగకుండానే వాడి సంచీ వెతికాను, చెప్పులు తిప్పి చూశాను, వాడు స్నానానికి వెళ్తే దిండు వాసన చూశాను. ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోతే ఇంకా భయం, బాగా దాచడం నేర్చుకున్నాడేమోనని.

చివరికి అది నా మూలంగానే బయటపడింది. పెట్టె అడుగున కుక్కిన చొక్కా ముడతలు పడకుండా ఉంటుందా? వాడు ఆ ఉదయం దాన్ని తీసి, "ఇదేంటి ఇలా నలిగిపోయింది" అని ఇస్త్రీకి వేసిన బట్టల మీద పడేశాడట. నేను పైనుంచి టిఫిను డబ్బా పట్టుకుని దిగేసరికి షట్టరు సగమే లేపి ఉంది, మా ఆయన ఆ చొక్కాని బల్ల మీద పరుస్తున్నాడు, వాడు కింది మెట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఇస్త్రీ ఎప్పుడూ కాలరుతోనే మొదలవుతుంది. అది కూడా లోపలివైపు ముందు.

మా ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు.

"ఏమే, ఇదేంటి?"

"ఏది?"

"త్రికోణం."

"అదా... నేనే ఇచ్చాను. మన సబ్బు అయిపోయిందని."

"నీ వెనకాల బస్తా ఉంది."

చూశాను. ఉంది. "అంటే... ఆమె నీలిమందు ఎలా పనిచేస్తుందో చూద్దామని."

"గళ్ళ చొక్కాకా, నీలిమందు?"

ఇంకేదో అనబోయాను. వాడు లేచాడు, ఒక కాలికే చెప్పు ఉంది.

"అమ్మ కాదు నాన్నా, నేనే. తాగాను. దాని మీద వాంతి చేసుకున్నాను. అందుకని అక్కడ ఉతుక్కున్నాను."

ఆయన చొక్కా మీంచి చెయ్యి తీశాడు.

"ఎప్పుడు?" అన్నాడు మా ఆయన.

"పెద్ద వాన పడిందే, ఆ రోజు. ఒక మోటారు తప్పు చుట్టాను. కరెంటు పెట్టగానే కాలిపోయింది. మా షాపు మేస్త్రీ ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుండేది."

"ఆ తర్వాత?"

"మళ్ళీ లేదు."

"నేనెలా నమ్మాలి?"

"నమ్మక్కర్లేదు. నా మీద నాకే పూర్తి నమ్మకం లేదు." వాడు నేల చూపులు చూడటం లేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. "వైన్ షాపు గోడ పక్కన ఆ చొక్కాతో కూర్చున్నప్పుడు అనిపించింది నాన్నా, ఎలాగూ చెడ్డాను, ఇంకోటి కొందామని. ఎప్పుడూ అంతే చేసేవాణ్ణి. నా మీద నాకు అసహ్యం వేసినప్పుడల్లా ఇంకో గ్లాసు. ఈసారి ఎందుకో, సరే, పడ్డాను, నేనేం కొత్తగా పడ్డానా, ముందు చొక్కా ఉతుక్కుందాం అనిపించింది. ఉతుక్కున్నాను. మర్నాడు మేస్త్రీకి చెప్పాను. కేంద్రంలో మేడమ్‌కి చెప్పాను."

"మేస్త్రీకి చెప్పావు. మేడమ్‌కి చెప్పావు. నీలిమందుదానికి తెలుసు. మేం తప్ప వీధంతా నీకు చుట్టాలే."

"వాళ్ళెవరూ గడప గురించి మాట్లాడలేదు నాన్నా."

మా ఆయన మొహం నల్లబడింది. వాడు నా వైపు తిరిగాడు.

"నువ్వు కూడా నాకోసం అబద్ధాలాడకమ్మా. ఆడావంటే నాకు మళ్ళీ తాగడానికి చోటు దొరుకుతుంది."

నేను డబ్బా కింద పెట్టాను. ఏదో ఒకటి అనాలి. అనకపోతే వాడు వెళ్ళిపోతాడు. "మన దగ్గరికొచ్చే బట్టలన్నీ మరకలతోనే కదండీ వచ్చేది..." అని మొదలుపెట్టాను.

"బట్ట తనంతట తను నడిచెళ్ళి బురదలో పడదే" అన్నాడు మా ఆయన. "మాటంటే మాట. ఈ గడప ఎక్కవన్నాను. ఎక్కవు."

వాడు తలాడించాడు. రెండో చెప్పు తొడుక్కున్నాడు. సంచీ భుజాన వేసుకుని షట్టరు కింద నుంచి వంగబోయాడు. నాకు మార్చురీ తలుపు కనపడింది.

"ఎక్కడికిరా?" అన్నాడు మా ఆయన.

"ఎక్కొద్దన్నావుగా."

"గడప ఎక్కడుంది?"

వాడు వంగినవాడు వంగినట్టే ఆగాడు. "పైన."

"ఇదేంటి?" మా ఆయన కాలితో నేల మీద తట్టాడు.

"షాపు."

"దీనికి గడప ఉందా?"

ముగ్గురం చూశాం. షట్టరు, షట్టరు కింద సిమెంటు. గడప లేదు.

"లేదు" అన్నాడు వాడు.

"మరింకేం. ఆ మూల మూటలు అటు జరిపితే మంచం పడుతుంది. నేను చెప్పేదాకా మెట్లెక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను. ఇంకోసారి ఏదైనా అయితే మేస్త్రీకి కాదు, ముందు ఇక్కడొచ్చి చెప్పు. తిడతాను. తిట్లు తిని పడుకో."

"నాన్నా..."

"పనికి టైమైంది. ఆ బనీను మీదే పోతావా? ఆగు." కాలరు లోపలివైపు ఇస్త్రీ చేశాడు, తర్వాత పైవైపు. త్రికోణం మీద పెట్టె కాస్త ఎక్కువసేపే ఆగింది. చెరగదని ఆయనకీ తెలుసు. చొక్కా వాడి మీదికి విసిరి, ఇంకో మూట విప్పాడు.

ఇప్పుడు వాడు కింద పడుకుంటున్నాడు. నేను పళ్ళెం కిందికి తీసుకెళ్తాను. ఆ మూటల సందున సీసా దాస్తే కనుక్కోవడం ఎలా అని ఆలోచిస్తాను, ఇస్త్రీపెట్టె తీగకి చెయ్యి తగుల్తుందేమో అని ఆలోచిస్తాను, పైకి పిలవడానికి ఈ మనిషి ఇంకా ఎన్నాళ్ళు బెట్టు చేస్తాడో అని కూడా. నీలిమందావిడ మొన్న దారిలో నా వైపు చూసి, "పీట ఖాళీగానే ఉందని చెప్పు మీవాడికి" అంది. అంటే ఏమిటో, మంచికన్నదో చెడుకన్నదో, ఇంటికొచ్చాక కూడా తేల్చుకోలేకపోయాను.

నిన్న పొద్దున టిఫిను డబ్బా ఇవ్వబోతే గుప్పుమని లవంగం వాసన. తాగినవాళ్ళు లవంగం ఎందుకు నములుతారో నాకెవరూ చెప్పక్కర్లేదు. మూటల వైపు చూశాను. వాడు పనికెళ్ళగానే ఒక్కొక్కటీ విప్పొచ్చు. మంచం తిరగేయొచ్చు. చేతులు అప్పుడే దురద పెడుతున్నాయి.

"ఒరేయ్, లవంగం ఎందుకు నమిలావు?" అనేశాను.

వాడు నన్ను వింతగా చూశాడు. ఇన్నాళ్ళలో నేను ఏదైనా తిన్నగా అడగడం వాడికి కొత్త.

"పన్ను నొప్పమ్మా. రాత్రంతా నిద్రలేదు."

నోరు తెరువు అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చింది. "చెప్పొచ్చుగా" అన్నాను.

"చెప్తే నమ్మేదానివా?"

"తెలీదురా."

వాడికి నవ్వొచ్చింది. "ఇది బావుంది. నిజం మాట."

"సాయంత్రం పళ్ళ డాక్టరు దగ్గరికి పోదాం. నేనూ వస్తాను." ప్రేమకొద్దీ అన్నానో, పరీక్షకొద్దీ అన్నానో నాకే తెలీదు. రెండూ ఉన్నాయేమో.

"తొందరగా వచ్చేస్తాను" అని రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి, నా మొహం మీద "హా..." అని ఊపిరి వదిలాడు. "పాసా, ఫెయిలా?"

లవంగం, టీ, వాటి కింద వార్నిష్.

"పోరా పనికి" అన్నాను.

మెట్ల పైనుంచి మా ఆయన గొంతు వినిపించింది. "వాడిని లవంగాల గురించి ఏం పీడిస్తున్నావే? పన్ను నొప్పని మూలుగుతుంటే రాత్రి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను."

నా పక్కలోంచి లేచి, అన్ని మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి పడుకున్నాడన్నమాట ఈ మనిషి. నాకు తెలియనే లేదు. వీళ్ళిద్దరూ కలిసి నా దగ్గర ఇంకా ఏమేం దాస్తున్నారో!